కింద పడ్డవాడే లబ్ధిదారు

జపాన్‌కీ గజపతిపేటకీ ఏ జన్మలోనూ చుట్టరికం లేదు. ఆ దేశమంటే మా ఊరి జనానికి ప్రేమా లేదు, కోపమూ లేదు. అలాంటిది, ఎక్కడో టోక్యోలో ఒక పెద్దమనిషి ఒక సాయంత్రం పూట ఒక ఆట చూసిన పాపానికి కుస్తీలు నేర్పే మా తాలింఖానా మూడు నెలలపాటు అట్టుడికిపోయింది.

ఆ పెద్దమనిషి రాష్ట్ర క్రీడా వికాస మండలి కమిషనర్ గారు. ఆయన జపాన్ వెళ్లింది స్టేడియంలలో మరుగుదొడ్ల నిర్వహణ మీద అధ్యయనానికి. ఆరు రోజులు శ్రద్ధగా మరుగుదొడ్లే చూశారు పాపం. ఏడో రోజుకి చూడవలసిన మరుగుదొడ్లు అయిపోయాయి. అక్కడివాళ్లు మర్యాదస్తులు కాబట్టి, అతిథిని ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కి తీసుకెళ్లారు.

అక్కడ అరవై కిలోల బక్కమనిషి ఒకడు తాళ్లు కట్టిన స్తంభం ఎక్కి, ప్రత్యర్థికి వీపు చూపించి నిలబడి, గాల్లో వెనక్కి పిల్లిమొగ్గ వేసి నూట ఇరవై కిలోల వాడి మీద దబ్బున పడ్డాడు. కిందవాడు చచ్చాడనుకుని కమిషనర్ గారు కళ్లు మూసుకున్నారు. తెరిచి చూస్తే వాడు లేచి, నడుం వంచి జనానికి దణ్ణం పెడుతున్నాడు. కమిషనర్ గారి ఒళ్లు గగుర్పొడిచింది. తిరుగు విమానంలో భోజనం కూడా ముట్టకుండా ఉత్తర్వు రాసేశారు.

"అసాధారణ జపాన్ మల్లవిన్యాసముల అవగాహన పథకము. ప్రతి జిల్లాయందును పన్నెండు విన్యాసములు ఏ విధముగా ప్రదర్శింపబడుచున్నవో సమగ్రముగా అవగాహన చేసుకొని, నిర్ణీత నమూనాలో నివేదిక సమర్పించవలెను. సదరు నివేదిక ఆమోదము పొందువరకు ఆయా జిల్లాల కుస్తీ దస్త్రములేవియు ముందుకు కదలరాదు."

ఆ ఆఖరి వాక్యం వచ్చి గొర్లె సింహాచలం నెత్తిన పడింది.

సింహాచలం గజపతిపేట తాలింఖానాలో వస్తాదు. యాభై నాలుగేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు మూడు జిల్లాల్లో ఆయన వీపుని నేలకి అంటించిన మొనగాడు లేడు. ఇంతకాలం శిష్యులకి పట్లు నేర్పుతూనే ఉన్నా, ఒక్కణ్ణీ జాతీయ పోటీలదాకా పంపలేకపోయాడు. ఇన్నాళ్లకి బోని కనకమహాలక్ష్మి అని ఒక శిష్యురాలు దొరికింది. జూట్ మిల్లులో పొద్దుటి షిఫ్టు చేసి, జుట్టులో జనపనార పీచుతోనే తాలింఖానాకి వచ్చేసే పిల్ల. ఏడేళ్లు మట్టిలో దొర్లి యాభై మూడు కిలోల విభాగంలో రాష్ట్రానికి మొదటిదైంది. జాతీయ జూనియర్ పోటీలకి ఎంట్రీ ఫారం పంపాలి. దాని మీద కమిషనర్ గారి సంతకం ఉండాలి. ఆఖరు తేదీ, మూడు నెలల తర్వాత, ఇరవై ఒకటి, సాయంత్రం అయిదు. వచ్చే ఏటికి కనకానికి వయసు దాటిపోతుంది. ఈసారి పోతే ఇక జూనియర్ పోటీలు లేనట్టే.

ఆ ఫారం ఉపసంచాలకులు గణపవరపు నాగభూషణరావు గారి బల్ల మీద ఆగిపోయింది. నాగభూషణరావు గారు చేపల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారు. "నాకు ఆటలు తెలియవండీ, నియమాలు తెలుసు" అంటారు, తాతల నాటి ఆస్తి గురించి చెప్పుకున్నట్టు.

"ఒక్క సంతకమే కదండి బాబూ," అన్నాడు సింహాచలం. "పిల్ల గెల్చింది. కప్పు గూడా ఇచ్చినారు. మజ్జిన ఈ జపానోల్లేటి?"

"సింహాచలం, నువ్వు ఆవేశంతో మాట్లాడుతున్నావు. నేను ఉత్తర్వు ప్రకారం మాట్లాడుతున్నాను. కుస్తీ దస్త్రములేవియు ముందుకు కదలరాదు. ఇది దస్త్రమా, కాదా?"

"ఫారమండి."

"ఫారం దేంట్లో ఉంది?"

"దస్త్రంలో ఉందండి."

"మరి?"

 సింహాచలం ఇంకో దారి అడిగాడు. "పోనీ ఎనక్కి కదపొచ్చాండి? నాకిచ్చీయండి. నానే పట్టుకెల్లి కమిషనర్ గారి కాళ్ల మీద పడతాను."

"వెనక్కి కదిపే విషయంలో ఉత్తర్వు మౌనంగా ఉంది. అది మౌనంగా ఉన్నచోట మనమూ మౌనంగా ఉండాలి," అని నాగభూషణరావు గారు నిజంగానే మౌనం దాల్చారు.

సరే, ఆ విన్యాసాలేవో ఎలా చేస్తారో తెలుసుకుంటే పోలేదా అనుకున్నాడు సింహాచలం. ఆ సాయంత్రమే గోదా గట్టు మీద కూర్చుని కనకం ఫోన్లో వీడియోలు పెట్టించాడు. మొదటిది ఆ వెనక్కి పిల్లిమొగ్గే. "వారినీ, మొనగాడే!" అన్నాడు మనస్ఫూర్తిగా. ఎగిరినవాడి నడుం తిరిగిన తీరు చూసి ఆయనకి ముచ్చటేసింది.

కనకం అదే ముక్క మూడుసార్లు తిప్పి తిప్పి చూసింది. "మాస్టారూ, పైనోన్ని గాదు, కిందోన్ని సూడండి."

చూశాడు. దెబ్బలు తిని స్పృహ తప్పినట్టు పడున్న ఆ లావుపాటివాడు, పైవాడు స్తంభం ఎక్కుతుండగా ఎవరూ చూడకుండా ఒక అడుగు పక్కకి జరిగాడు. పైవాడు గాల్లో ఉండగా చేతులు రెండూ పైకెత్తాడు. బస్సు కిటికీలోంచి అందించిన పసిపిల్లని అందుకున్నట్టు వాణ్ణి అందుకుని, బరువంతా తన మీదకి పరుచుకున్నాడు. ఆ తర్వాతే చచ్చినట్టు పడుకున్నాడు.

రెండో వీడియోలో ఒకడు ఎదుటివాడి మొహం మీద తన్నాడు. తుపాకీ పేలినంత చప్పుడు. కనకం పకపకా నవ్వింది. "ఆడి తొడ మీద ఆడే కొట్టుకుంతన్నాడు మాస్టారూ! ఎడం సెయ్యి సూడండి."

"మనోల్లు ముందు తొడ కొట్టి తరవాత దెబ్బ కొడతారు. ఈల్లు రెండూ ఒకేపాలి కానిచ్చేత్తన్నారే," అన్నాడు సింహాచలం. మూడోదానిలో బక్కవాడు లావువాణ్ణి అమాంతం తలమీదకి ఎత్తాడు. "ఈడు ఎత్తనేదు, ఆడే ఎగిరినాడు," అంది కనకం, మోకాళ్లు వంగిన చోట వీడియో ఆపి చూపిస్తూ.

పావుగంటలో సంగతి తేలిపోయింది. సింహాచలం మాత్రం ఇంకాసేపు ఆ ఆగిన బొమ్మకేసి చూస్తూ కూర్చున్నాడు. "ఇది కుస్తీ గాదే. అలాగని తక్కువ పనీ గాదు. ఒకడు మెడకాయ అప్పజెప్పాల, ఇంకొకడు దాన్ని ఇరక్కుండా కాయాల. ఎంత నమ్మకం ఉండాల," అన్నాడు. ఆయనకి వాళ్ల మీద గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే తెల్లకాగితం తీసి గుండ్రంగా రాశాడు.

"పడేవాడు ముందే ఒప్పుకుని తనే ఎగురుతాడు. పైవాడు వాడికి దెబ్బ తగలకుండా కాస్తాడు. ఇద్దరూ కలిసి చేసే పని. చూసేవాళ్లకి కొట్లాటలా ఉంటుంది. ఇట్లు, గొర్లె సింహాచలం."

మర్నాడు నాగభూషణరావు గారు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కుళ్లిన చేపని చూసినట్టు చూశారు. "నాలుగు వాక్యాలా? నమూనాలో ముప్ఫై ఎనిమిది గడులున్నాయి సింహాచలం. 'ఒప్పుకుని' అని రాశావు. ఎవరికి ఒప్పుకున్నాడు? ఏ తేదీన? లిఖితపూర్వకంగానా? సాక్షులెవరు? అసలు ప్రభుత్వం 'ఎలా చేస్తారు' అని అడిగితే, 'కలిసి చేస్తారు' అని జవాబు రాయడమేమిటి? ఇదేం వనభోజనమా?"

ఆయన వెంటనే ఒక అవగాహన కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయనే. బరువులూ కోణాలూ చూడడానికి రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు, పేర్లు పెట్టడానికి డిగ్రీ కాలేజీ తెలుగు లెక్చరరు సభ్యులు. కుస్తీ తెలిసినవాడుంటే నిష్పాక్షికత దెబ్బతింటుందని సింహాచలాన్ని కమిటీలోకి తీసుకోలేదు. కుర్చీలు వెయ్యడానికి మాత్రం ఉండమన్నారు.

లెక్చరరు గారు రెండు వారాల్లో తన పని ముగించేశారు. స్తంభం మీంచి వెనక్కి దూకడం 'విముఖ చంద్రవలయ పతనం' అయింది. కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పడం 'పాదద్వయ పరిభ్రమణం' అయింది. జపాన్‌లో ఒకతను నోట్లోంచి ఆకుపచ్చటి మంచులాంటిది ఎదుటివాడి కళ్లలోకి ఊదుతాడు. దానికి 'హరిత విషతుషార ప్రయోగం' అని పేరు పెట్టి, ఆనందం పట్టలేక తనే రెండుసార్లు పైకి చదువుకున్నారు.

ఇంజనీరు గారి పని అంత సులువుగా తెమల్లేదు. ఆయన మూడు సమావేశాలపాటు లెక్కలు కట్టి, అరవై కిలోలవాడు నూట ఇరవై కిలోలవాణ్ణి తలమీదకి ఎత్తడం అసాధ్యమని తేల్చారు. "వీడియోలో ఎత్తుతున్నాడు కదండీ?" అన్నారు నాగభూషణరావు గారు. "వీడియోలో జరుగుతోందండీ. లెక్కలో జరగడం లేదు," అన్నారు ఇంజనీరు గారు. ఆ మాటే మినిట్స్‌లోకి ఎక్కింది.

ఆ విషతుషారం ఎలా పుడుతుందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. "నోట్లో చిన్న పొట్లం దాసుకుని కొరుకుతాడేమోనండి," అన్నాడు సింహాచలం కుర్చీ సర్దుతూ. ఊహాగానాలు వద్దన్నారు. కాలుష్య నియంత్రణ శాఖకి లేఖ రాశారు. పొగ, మంచు, తుంపర వగైరాలు మున్సిపాలిటీ పరిధిలోకి వస్తాయని అక్కణ్ణించి జవాబొచ్చింది. మున్సిపాలిటీకి రాస్తే వాళ్లు కారణమేమిటని కూడా అడక్కుండా దోమల పొగ యంత్రాన్ని మనిషితో సహా పంపించారు. ఆ మనిషి ఉత్తర్వు అంటే ఉత్తర్వే అనే రకం. తలుపులు బిగించి సమావేశ మందిరమంతా పొగ కొట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు మినిట్స్ నేను చూశాను. "పొగ వచ్చినది. ఆకుపచ్చగా లేదు. సభ్యులు దగ్గిరి. సభ వాయిదా పడినది" అని ఉంది.

ఈ లోపల క్యాలెండర్ ఊరుకోదు కదా. వారం మాత్రమే మిగిలింది. సింహాచలానికి నిద్ర పట్టడం మానేసింది. ఇక లాభం లేదని పద్నాలుగో తేదీన కనకాన్ని వెంటబెట్టుకుని కమిటీ ముందుకే తీసుకొచ్చాడు.

ఆఫీసులో పోలమ్మ అని అటెండరు. తొంభై కిలోల మనిషి, నోరు అంతకంటే పెద్దది. కనకం ఆమెని గది మధ్యకి పిలిచింది. "అత్తా, నాను మూడు అనగానే ఎగిరీ. బయపడకు, పడనివ్వను."

"పడితే నీ మీదే పడతానే, నాకేటి బయం," అంది పోలమ్మ కొంగు బిగించి.

ఒకటి, రెండు, మూడు. పోలమ్మ ఎగిరింది. కనకం ఆ ఊపు పోకుండానే నడుం పట్టి భుజం మీదకి ఎత్తేసుకుని, ఒక చుట్టు తిప్పి, పూలకుండీని దింపినంత జాగ్రత్తగా దింపింది. "ఒలమ్మో, ఇంకోపాలి ఎత్తే!" అని పోలమ్మ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది.

కమిటీ నోరు తెరిచింది. "అంటే బరువే సహకరిస్తోందన్నమాట! ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదే," అన్నారు ఇంజనీరు గారు.

"అదేనండి బాబూ, నాను మూడు నెల్ల కితమే రాసిచ్చినాను," అన్నాడు సింహాచలం. 

నాగభూషణరావు గారికి ఆ మాట వినపడలేదు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఆగండి. ఎత్తేవాడు ఇస్తున్నాడు. పడేవాడు తీసుకుంటున్నాడు. ప్రభుత్వ పథకం కింద ఏదైనా తీసుకునేవాణ్ణి ఏమంటాం?" అని అందరికేసీ చూసి తనే చెప్పారు. "లబ్ధిదారు! పడేవాడు లబ్ధిదారండీ! ఇంత చిన్న విషయం తట్టక ఇన్నాళ్లూ చీకట్లో తడుముకున్నాం!"

ఇంకేముంది, ఆయన చేపల శాఖలో పాతికేళ్లు లబ్ధిదారుల్ని ఎంపిక చేసిన మనిషి. గంటలో మార్గదర్శకాలు తయారైపోయాయి. పడగోరువారు దరఖాస్తు చేసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు జతపరచాలి. గత అయిదేళ్లలో ఇదే పథకంలో పడి ఉండకూడదు. ఒక కుటుంబానికి ఒక్క పతనమే. లబ్ధి అందినట్టుగా యంత్రం మీద వేలిముద్ర వెయ్యాలి, అదీ పడకముందే.

"పడకముందే పడినట్టా?" అన్నాడు సింహాచలం.

"పడ్డాక వేలిముద్ర వేసే స్థితిలో ఉంటాడని నువ్వు హామీ ఇస్తావా?" అన్నారు నాగభూషణరావు గారు. 

ప్రకటన వెలువడిన మర్నాడు తెల్లారేసరికి తాలింఖానా ముందు చాంతాడంత వరస. లబ్ధిదారు అన్న మాట తప్ప జనం మిగతాదేదీ చదవలేదు. మూడు రోజుల్లో ఆరువందల పద్నాలుగు దరఖాస్తులు పడ్డాయి. ఒక ముసలమ్మ రేషన్ కార్డు చేతపట్టుకుని సింహాచలాన్ని ఆపేసింది.

"ఏటిస్తన్నారు నాయినా?"

"దెబ్బ, అమ్మా."

"అందరికీ ఇస్తన్నారా, పై వీదోల్లకేనా?"

"అందరికీ ఇస్తారంతన్నారు."

"ఆల్ల మొకం, మా దాకా ఎప్పుడు రానిచ్చినారు!" అని ముసలమ్మ వరసలో ఇంకా గట్టిగా నిలబడింది.

దరఖాస్తుల పరిశీలన సాగుతూనే ఉంది. ఒకడి ఆదాయం ఎక్కువ. ఒకడి ఫొటోలో చెవులు కనపడలేదు. ఇరవయ్యో తేదీ దాటేసరికి పడడానికి అర్హత సంపాదించినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడూ లేడు. ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం మూడింటికి కమిషనర్ గారే స్వయంగా దిగారు, జిల్లా అవగాహన ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూద్దామని.

తాలింఖానా బయట షామియానా వేశారు. పరుపులు పరిచి, నాలుగు స్తంభాలు పాతి, చేపల శాఖ నుంచి తెప్పించిన వల తాళ్లు కట్టారు. దస్త్రాలన్నీ షామియానాలోకి మోయించిన సందులో ఫారం చేజిక్కించుకుని సింహాచలం ఓ మూల నిలబడ్డాడు. పక్కన కనకం, పోటీ దుస్తుల్లో.

"ప్రదర్శన ఏదీ?" అన్నారు కమిషనర్ గారు.

"లబ్ధిదారుల ఎంపిక పురోగతిలో ఉందండి. ఈలోగా నాలుగువందల పన్నెండు పేజీల నివేదిక..."

"కాగితాలు వద్దు నాగభూషణరావు గారూ! నేను ప్రత్యక్షంగా చూసొచ్చినవాణ్ణి." కమిషనర్ గారికి జపాన్ సాయంత్రం గుర్తొచ్చినట్టుంది. కోటు విప్పారు, బూట్లు విప్పారు, మేజోళ్లతో పరుపుల మీదకి ఎక్కేశారు. "ఇలా రండి. నేను చూపిస్తాను."

నాగభూషణరావు గారు ఎక్కారు. కమిషనర్ గారు ఆయన భుజం మీద రెండంటే రెండు వేళ్లు ఆనించారు.

నాగభూషణరావు గారు ఎగిరారు! యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులకి పూటకో మాత్ర వేసుకునే మనిషి, రబ్బరు బంతిలా లేచి, గాల్లో ఒక మలక తిరిగి, వెల్లకిలా పరుపు మీద పడ్డారు. దరఖాస్తు లేదు, వేలిముద్ర లేదు. షామియానా చప్పట్లతో మోగిపోయింది.

తర్వాత ఇంజనీరు గారు. మోచెయ్యి తాకీ తాకకముందే ఆయన మూడడుగుల దూరంలో తేలారు. లెక్చరరు గారైతే కమిషనర్ గారు ఇటు తిరిగీ తిరక్కముందే "హా!" అని కుప్పకూలారు.

"ఈల్లకి ఎవుల్లు నేర్పినారు మాస్టారూ?" అంది కనకం నోరెళ్లబెట్టి.

"ఎవుల్లు నేర్పుతారే. సర్వీసు," అన్నాడు సింహాచలం.

కమిషనర్ గారు తన అరచేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. మొహం వెలిగిపోతోంది. "నాలో ఇంత ఉందని నాకే తెలీదు సుమండీ."

"మొదటినుంచీ ఉందండీ," అన్నారు నాగభూషణరావు గారు, పడుకున్నచోటునుంచే.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. సింహాచలం ఇక ఆగలేక తాళ్ల దగ్గరికి వెళ్లి ఫారం చాచాడు. "బాబూ, అయిదింటికి ఆకరు. ఒక్క సంతకం."

"ఈ అమ్మాయేనా ఛాంపియన్? భేష్! రమ్మనండి. ఒక్క విన్యాసం చేసి, అలాగే సంతకం పెట్టేస్తాను."

అందరి చూపులూ కనకం మీదకి తిరిగాయి.  గురువు చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది. "పడిపోనా మాస్టారూ?"

 మెడ విరిగినా సరే వీపు మాత్రం నేలకి తగలనివ్వకు అని ఏడేళ్లు సింహాచలం ఈ పిల్లకి నూరిపోశాడు. ఇప్పుడు పడమని ఒక్క మాట అంటే చాలు, పని అయిపోతుంది. రిఫరీ లేడు, పాయింట్లు లేవు, పరుపు మెత్తగా ఉంది, పోయేదేముంది? కానీ ఒంటికి ఒకసారి అడ్డదారి చూపిస్తే అది మరిచిపోదు. ఆ సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. రేపు జాతీయ పోటీల్లో, ఊపిరాడని పట్టులో, ఆ ఒళ్లు ఈ రోజునే తలుచుకుంటుంది.

"నువ్వు పడొద్దు," అన్నాడు. తర్వాత గొంతు పెంచి, "బాబూ, పిల్లొద్దు. నాను పడతాను," అన్నాడు.

నాగభూషణరావు గారు నడుం పట్టుకుని లేచి వచ్చారు. అధికారులు పడితే సహకారం, కాంట్రాక్టు మనిషి పడితే లబ్ధి కాబట్టి నమోదు తప్పదన్నారు. యంత్రం తెచ్చారు. సింహాచలం బొటనవేలు పెట్టాడు. గీతలు కనిపించలేదంది. నలభై ఏళ్లుగా గోదా మట్టి రాసుకున్న చేతికి గీతలెక్కడివి! చూపుడువేలు పెట్టాడు, అదీ అంతే. నాలుగూ ముప్ఫై అయిదుకి చిటికెనవేలు ఒప్పుకుంది. "లబ్ధి అందినది" అని యంత్రం పలికింది. రికార్డు ప్రకారం సింహాచలం అప్పటికే పడిపోయాడు.

ఇక నిజంగా పడడమే మిగిలింది. తాళ్ల మధ్యకి వెళ్లి కమిషనర్ గారికి దణ్ణం పెట్టి నిలబడ్డాడు. కమిషనర్ గారు జపాన్‌లో చూసినట్టుగానే ఒక చెయ్యి ఆయన మెడ మీద వేసి, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకున్నారు. సింహాచలం భుజాలు వదులు చేశాడు. మోకాళ్లు వదులు చేశాడు. పడు, పడు, పిల్ల కోసం పడు అని లోపల జపంలా అనుకుంటున్నాడు. కమిషనర్ గారు లాగారు. సింహాచలం ముందుకి తూలాడు. కుడి మడమ పరుపు మీంచి లేచింది.

ఏమైందో ఆయనకీ తెలీదు. నడుం దానంతటదే తిరిగింది. భుజం దానంతటదే కమిషనర్ గారి చంక కిందికి దూరింది. మేజోళ్లు రెండూ షామియానా కప్పుకేసి లేచాయి. దభీమని చప్పుడైంది. చూసేసరికి కమిషనర్ గారు వెల్లకిలా ఉన్నారు. రెండు భుజాలూ పరుపుకి అంటుకుపోయాయి, పైన సింహాచలం ఛాతీ అదిమిపెట్టి ఉంది.

 పోలమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది.

సింహాచలం గబుక్కున పైనుంచి లేచాడు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం, పిల్ల ఫారం, రెండూ ఒక్క దెబ్బకి మట్టిలో కలిశాయనుకున్నాడు. అప్పుడు నాగభూషణరావు గారు మైకు అందుకున్నారు.

"అద్భుతం! అపూర్వం! గౌరవనీయులైన కమిషనర్ గారు, పడేవాడు ఏ విధంగా సహకరించాలో స్వయంగా ఎగిరి మనకి చూపించారు! అంతటి అధికారి, ఒక కాంట్రాక్టు ఉద్యోగి చేతిలో పడడానికి ఒప్పుకోవడం వారి నిరాడంబరతకి నిదర్శనం!"

చప్పట్లు మిన్నంటాయి. కింద కమిషనర్ గారు ఊపిరి అందక కళ్లు మిటకరించారు. షామియానా కప్పుకేసి చూశారు, జనంకేసి చూశారు. "అవును. నేనే... ఎగిరాను," అన్నారు.

"ఏం ఎగిరారండీ! మొదటిసారి లెక్కలో కూడా సరిపోయింది," అన్నారు ఇంజనీరు గారు.

కమిటీ అక్కడికక్కడే రికార్డు రాసేసింది. ముగ్గురు అధికారులు పడడానికి కారణం 'బలప్రయోగము'. కమిషనర్ గారు పడడానికి కారణం 'స్వచ్ఛంద సహకారము'. జిల్లాకి అవగాహన సంపూర్ణముగా కలిగినది. నివేదిక ఆమోదించబడినది.

నాలుగూ నలభై ఎనిమిది. కమిషనర్ గారు ఇంకా లేవలేదు. నడుం పట్టేసింది, ఆ మాట పైకి అనడానికి లేదు. "ఈ భంగిమలో కాసేపు ఉండాలి," అన్నారు. కనకం గబగబా పరుపెక్కి ఫారం అట్ట మీద పెట్టి పైనుంచి పట్టుకుంది. ఆయన పడుకునే రాయబోయారు. బాల్‌పెన్ను తలకిందులుగా రాస్తుందా? గీత పడలేదు. సింహాచలం ఒక చెయ్యి ఆయన వీపు కింద, ఒక చెయ్యి మెడ కింద వేసి, ఎక్కడా కలుక్కుమనకుండా, నెమ్మదిగా పక్కకి ఒత్తిగిలించాడు. సంతకం పడింది.

ఇద్దరూ వీధి చివర నెట్ సెంటరుకి పరిగెత్తారు. స్కాన్ చేసి, అప్‌లోడ్ నొక్కి, అందినట్టు సందేశం వచ్చేసరికి నాలుగూ యాభై ఏడు.

బయట మెట్ల మీద సింహాచలం కూలబడ్డాడు. ఒంటి మీద చెమట ఇంకా ఆరలేదు. కనకం వచ్చి పక్కనే కూర్చుంది.

"మాస్టారూ, మీరు పడతానన్నారు గదేటి?"

"నిజింగా పడదామనే ఎల్లినానే తల్లీ," అన్నాడు సింహాచలం. "ఒల్లు ఇన్నేదు."